ఫైరింజను రావడం ఆలస్యమైతే?

2012లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం అగ్నిమాపక శాఖ బడ్జెట్‌లో నాలుగేళ్లకు 6.4 కోట్ల డాలర్లు కోత పెట్టింది. సిబ్బంది సెలవు పెడితే, ఓవర్‌టైమ్ ఇచ్చి మరొకరిని పిలిచే బదులు కొన్ని స్టేషన్లను ఆ షిఫ్టుకు మూసేశారు. అలాంటప్పుడు పక్క స్టేషన్ బండి రావాలి. అంతసేపూ దాని పరిధిలో కాపలా తగ్గుతుంది. నిప్పు పెరగడానికి ఆ కొద్ది నిమిషాలు చాలు.

సిబ్బంది లెక్క మన చేతిలో లేదు. ఇంట్లో జాగ్రత్త మనదే. దీపం వెలుగుతుండగా బయటికి వెళ్లకండి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి; వీలైతే మూత పెట్టి స్టవ్ ఆపండి. 2006 మే 1 నుంచి ఇక్కడ ఇళ్లలో పొగ అలారం తప్పనిసరి. నెలకోసారి బటన్ నొక్కి చూడండి. పొగ కమ్మితే ముందు అందరూ బయటపడి, తర్వాత 000కు ఫోన్ చేయండి.