ఓడ నుంచి పడిన మనిషి: గుర్తింపు, స్థాననిర్ణయం

కీలకపదాలు: సముద్ర భద్రత, ఉష్ణచిత్ర కెమెరా, రాడార్, ఏఐఎస్, సారాట్

గంటకు 20 నాటికల్ మైళ్ల వేగంతో సాగే ఓడ నిమిషానికి సుమారు 617 మీటర్లు ముందుకు పోతుంది. దానిపై నుంచి ఒక వ్యక్తి పడిపోయిన సంగతి అరగంట తరువాత తెలిస్తే, అప్పటికే ఓడ 18 కిలోమీటర్లకు పైగా దాటిపోయి ఉంటుంది. నీటిపై కనిపించేది తల మాత్రమే. కాబట్టి మనిషిని వెదకడం కంటే, అతడు పడిన క్షణాన్ని పట్టుకోవడమే ఈ రంగంలో అసలు సమస్య.

ఇందుకోసం ఓడ పక్కభాగాల వెంట ఉష్ణచిత్ర కెమెరాలను, రాడార్లను అమర్చి ఒక అదృశ్యమైన తెర వంటి దానిని ఏర్పరుస్తారు. శరీరం వెలువరించే పరారుణ కిరణాలను కెమెరా గ్రహిస్తుంది. పడుతున్న వస్తువు కదలికను రాడార్ పసిగడుతుంది. అయితే సముద్రపక్షులు, అలల తుంపర, పై అంతస్తు నుంచి ఎవరో విసిరిన వస్తువు కూడా ఆ తెరను దాటుతాయి. తప్పుడు హెచ్చరికలు పదేపదే మోగితే సిబ్బంది వాటిని పట్టించుకోవడం మానేస్తారు. నా దృష్టిలో అది పరికరం లేకపోవడం కంటే ప్రమాదకరం. పెద్ద ప్రయాణికుల ఓడల్లో ఈ వ్యవస్థలకు కావలసిన సాంకేతిక నిర్దేశాలను 2020 నాటి ఐఎస్ఓ 21195 ప్రమాణం పొందుపరిచింది.

అమెరికా 2010లో చేసిన విహారనౌకల భద్రతా చట్టం, సాంకేతికత లభ్యమయ్యే మేరకు, పడినవారి చిత్రాలను నమోదు చేసే లేదా వారిని గుర్తించే ఏర్పాటు ఉండాలన్నది. ఇక్కడ ‘లేదా’ చిన్న మాట కాదు. నమోదైన చిత్రం జరిగినదానికి సాక్ష్యం మాత్రమే; ఓడను వెనక్కి తిప్పించగలిగేది తక్షణ గుర్తింపు.

సిబ్బంది లైఫ్‌జాకెట్‌కు తగిలించుకొనే ఏఐఎస్ బీకన్ మరొక మార్గం. అది జీపీఎస్ ద్వారా తన స్థానాన్ని తెలుసుకొని, 972తో మొదలయ్యే గుర్తింపు సంఖ్యతో సమీపంలోని ఓడలకు పంపుతుంది. యాంటెన్నా నీటిమట్టానికి దగ్గరగా ఉండడంతో సంకేతం కొన్ని మైళ్లకు మించి చేరదు. పైగా, విందుకు బయలుదేరిన ప్రయాణికుడు దానిని ధరించడు కదా!

పడిన సమయం తెలియనప్పుడు స్థాననిర్ణయం సంభావ్యతా గణితంగా మారుతుంది. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం 2016లో అందుబాటులోకి తెచ్చిన ‘సారాట్’ చేసే పని ఇదే. చివరిసారి కనిపించిన చోటు, సమయం, గాలి, ప్రవాహాల ఆధారంగా అది అనేక సాధ్యమైన మార్గాలను లెక్కించి, వెదకవలసిన ప్రాంతాన్ని సూచిస్తుంది. గాలికి మనిషి కొట్టుకుపోయే తీరు వేరు, పడవ కొట్టుకుపోయే తీరు వేరు కనుక తప్పిపోయినది ఏమిటో కూడా దానికి చెప్పాలి. ఎన్ని వివరాలు ఇచ్చినా, పడిన సమయంలో సందిగ్ధత పెరిగేకొద్దీ అది చూపే ప్రాంతమూ విస్తరిస్తూనే ఉంటుంది.