పాత పత్రికల్లో పల్లె చరిత్ర
ఏ జిల్లా పేరిట వెతకాలో తెలిస్తేనే ఫలితం

బహదూర్‌పల్లి: చెరువుకు గండి పడటం, బడికి కొత్త గది రావడం, రహదారి విస్తరణలో ఇళ్లు పోవడం వంటి సంగతులు గ్రంథాలకెక్కడం అరుదు. వాటిని నమోదు చేసేది స్థానిక పత్రికే. బహదూర్‌పల్లి, మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో పొలాలు కాలనీలుగా మారిపోయాయి. నాటి గ్రామాల తీరు తెలుసుకోగోరే వారికి పాత సంచికలు విలువైన ఆధారాలు. అయితే వాటిని ఎక్కడ, ఏ పేరిట వెతకాలో తెలియకపోతే శ్రమ వృథా అవుతుంది.

పల్లెలోనే అచ్చు యంత్రం

నిజాం పాలనలో రాజభాష ఉర్దూ కావడంతో తెలుగు పత్రికలకు ఆదరణ కరవైంది. ఆ పరిస్థితుల్లో 1922లో రెండు వారపత్రికలు వెలువడ్డాయి. నల్గొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు ‘నీలగిరి’ని ప్రారంభించారు. ఓరుగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి గ్రామంలో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు సొంత ముద్రణాలయం నెలకొల్పి ‘తెనుగు’ పత్రికను నడిపారు. పట్టణం నుంచి పల్లెకు పత్రిక రావడమే గగనమైన కాలంలో పల్లె నుంచే పత్రిక వెలువడటం విశేషం.

1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాద్ నుంచి ‘గోలకొండ’ పత్రిక వెలువడింది. తెలంగాణలో కవులే లేరన్న విమర్శకు జవాబుగా ఆయన 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రచురించారు. నమోదు కాని ప్రతిభ లేనట్టే లెక్కన్న సత్యాన్ని ఆ ఉదంతం చాటింది. పల్లె చరిత్రకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

జిల్లా పేజీలతో మారిన తీరు

1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలకు శ్రీకారం చుట్టింది. తరువాత ఇతర దినపత్రికలూ అదే బాట పట్టాయి. దీంతో మండల కేంద్రాల్లో విలేకరుల వ్యవస్థ విస్తరించి, కుళాయి సమస్య సైతం వార్తగా మారింది. అదే సమయంలో వార్తకు జిల్లా సరిహద్దు అడ్డుగోడ అయింది. మేడ్చల్ వార్త రంగారెడ్డి జిల్లా పేజీల్లో వస్తే, పొరుగునే ఉన్న తూప్రాన్ వార్త మెదక్ జిల్లా పేజీలకు వెళ్లేది. అందువల్ల సరిహద్దు గ్రామాల సమాచారం కోసం రెండు జిల్లాల సంచికలనూ పరిశీలించడం మేలు.

మారిన చిరునామాలు

మేడ్చల్ ప్రాంతం నిజాం కాలంలో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది. హైదరాబాద్ సంస్థానం విలీనమయ్యాక హైదరాబాద్ జిల్లాలో చేరింది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడగా అందులో భాగమైంది. మండలాల వ్యవస్థ వచ్చాక బహదూర్‌పల్లి కుత్బుల్లాపూర్ మండలంలోకి వచ్చింది. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పాటైనప్పుడు దుండిగల్-గండిమైసమ్మ మండలంలో చేరింది. కాబట్టి 1995 నాటి బహదూర్‌పల్లి వార్త కావాలంటే రంగారెడ్డి జిల్లా, కుత్బుల్లాపూర్ శీర్షికల కింద చూడాలి. మేడ్చల్ జిల్లా పేరిట వెతికితే ఫలితం ఉండదు.

భద్రపరిస్తేనే భవిష్యత్తుకు

1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం పాత పత్రికలను అన్వేషించే వారికి తొలి మెట్లు. అయితే జిల్లా అనుబంధాలకు ప్రధాన సంచికకు దక్కినంత శ్రద్ధ దక్కదు. ఇళ్లలో అవి నెల తిరగకుండానే తూకానికి వెళుతుంటాయి. పత్రికలకు వాడే చవక కాగితం కొన్నేళ్లకే పసుపు రంగుకు మారి, పెళుసుబారి పొడి అవుతుంది.

పాఠశాలలు, గ్రామ గ్రంథాలయాలు తలచుకుంటే ఈ నష్టాన్ని కొంతైనా నివారించవచ్చు. ఊరికి సంబంధించిన కత్తిరింపులపై పత్రిక పేరు, తేదీ, జిల్లా సంచిక, పేజీ సంఖ్య రాసి, ఎండ, తేమ తగలకుండా భద్రపరచాలి. తేదీ లేని కత్తిరింపు జ్ఞాపకంగా మిగులుతుందే తప్ప ఆధారంగా నిలవదు. భూమి స్వరూపమే మారిపోయిన గ్రామాల్లో చెరువు ఎక్కడిదాకా ఉండేదో, బాట ఎటు సాగేదో రేపటి తరానికి చెప్పేందుకు ఆ కాగితం ముక్కే సాక్షి కావచ్చు.