చెమర్చని కుండ

దళసరి ప్లస్ కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లవాడి కళ్లు చేరడేసి ఉన్నట్టు కనిపిస్తాయి. అద్దాలు తీస్తే కొందరిలో అసలు సంగతి బయటపడుతుంది. రెప్పల మధ్య సందు ఇరుకు, కన్ను గుంటలోకి దిగినట్టుంటుంది. భూతద్దంలాంటి ఆ అద్దమే చిన్న కంటిని పెద్దది చేసి చూపించింది. పవరు ప్లస్ 10 దాటిందంటే ఏ-స్కాన్‌తో కంటి పొడవు కొలిపించి తీరాలని నా అభిప్రాయం.

పెద్దవాళ్లలో మామూలు కన్ను ముందు నుంచి వెనక్కి 23, 24 మిల్లీమీటర్లుంటుంది. 20 దాటని కళ్లున్నాయి. పుట్టినప్పటి కొలత, అంటే 16, 17 దగ్గరే ఆగిపోయినవీ ఉన్నాయి. ఆకారంలో వేరే అవకరం లేకుండా ఇలా పొట్టిగా ఉండిపోయిన కంటిని నానోఫ్తాల్మస్ అంటారు. గ్రీకులో నానోస్ అంటే మరుగుజ్జు.

చిన్న కన్నయితే ఏం, అద్దాలున్నాయి కదా అనిపిస్తుంది. చాలామందికి నడివయసుదాకా అలాగే గడిచిపోతుంది. చిక్కంతా కంటి గోడలో ఉంది.

మనం తెల్లగుడ్డు అనేదే ఆ గోడ. దాని లోపలివైపు కోరాయిడ్ అనే రక్తనాళాల పొర ఉంటుంది. ఆ నాళాల నుంచి కాస్త నీరూ ప్రొటీనూ ఎప్పుడూ ఊరుతూనే ఉంటాయి. ఒంట్లో మిగతా చోట్ల ఇలాంటి ఊటను లింఫు నాళాలు తోడేస్తాయి. కంటిలో ఆ ప్రొటీన్ చాలావరకు గోడగుండానే బయటికి ఇంకాలి, మట్టికుండ చెమర్చినట్టు. ఈ కుండ చెమర్చదు. వెనకవైపు 1 మిల్లీమీటరు ఉండాల్సిన గోడ 2 దాకా దళసరెక్కి ఉంటుంది. మైక్రోస్కోపు కింద కొల్లాజెన్ పోగులు వరసగా కనిపించవు. చిక్కుపడ్డ నులకలా అడ్డదిడ్డంగా అల్లుకుని, అక్కడక్కడా పురి విడిపోయి ఉంటాయి. బయటికి పోలేని ప్రొటీన్ నీటిని తనవైపు లాక్కుంటుంది. కోరాయిడ్ ఉబ్బుతుంది. నీరు రెటీనా కిందికీ చేరి దాన్ని పైకి లేపేస్తుంది.

ముందువైపు ఇంకో ఇరుకు. కన్ను పెరగలేదు గానీ లెన్స్ మామూలుగానే పెరిగింది. వయసుతో అది లావెక్కి ఐరిస్‌ను ముందుకు నెడితే, కంటి లోపలి నీరు బయటికి పోయే మూల మూసుకుపోయి గ్లాకోమా వస్తుంది. లేజర్‌తో ఐరిస్‌కు చిన్న కన్నం పెడతారు. అది చాలకపోతే లెన్స్ తీసేయాలి.

సర్జన్లు భయపడేది ఇక్కడే. కంటిని తెరవగానే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. ఊట పెరుగుతుంది, పోవడానికి దారి లేదు. చూస్తుండగానే కోరాయిడ్ ఉబ్బి లోపలి భాగాలను ముందుకు తోసేయవచ్చు. అందుకే కొన్ని కళ్లకు ముందుగా గోడ సంగతి చూస్తారు.

1980లో బోస్టన్ డాక్టర్ రాబర్ట్ బ్రాక్‌హర్స్ట్, మందపాటి గోడ రక్తం బయటికి తెచ్చే సిరలను నొక్కేస్తోందని భావించి, వాటి చుట్టూ చెక్కి వదులు చేశారు. సున్నితమైన ఆ సిరలు తెగితే ప్రమాదం. 1983లో మయామీ డాక్టర్ డొనాల్డ్ గాస్, సిరల జోలికి పోనక్కర్లేదు, గోడను పలచన చేస్తే చాలన్నారు. కుండకు పట్టిన పూతను అక్కడక్కడా గీకడం లాంటిదది. ఇప్పటికీ ఎక్కువగా నడుస్తున్నది ఆ దారే.

కంటి మీది పలచటి పొరను వెనక్కి మడుస్తారు. కన్ను తిప్పే కండరాల మధ్య ఖాళీల్లో, కందిబద్ద కంటే కాస్త పెద్దగా గుర్తులు పెట్టుకుని, గోడ మందంలో సగమో ఇంకొంచెమో చెక్కేస్తారు. తెలుపు కింద కోరాయిడ్ ముదురు ఛాయ తొంగిచూడగానే చెయ్యి ఆగాలి. తీసిన ముక్కను మళ్లీ పెట్టరు. నీరు ఆ పూటకే పోదు. ఇంకడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఇక లెన్స్ సంగతి. శుక్లం ఆపరేషన్‌లో మామూలు కంటికి 20 పవరు లెన్స్ పెడితే ఈ కంటికి 40, 50 కూడా కావాల్సి రావచ్చు.

కొన్ని కుటుంబాల్లో ఈ పొట్టి కంటికి ఎమ్‌ఎఫ్‌ఆర్‌పీ అనే జన్యువులో లోపమే కారణమని 2005లో తేలింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడితేనే కన్ను పెరగదు. మేనరికాలు ఉన్న మన ఇళ్లలో ఆ రెండూ కలిసే అవకాశం ఎక్కువ. అన్నకు ఈ కన్నుందని తెలిసిన రోజే, అద్దాలు పెట్టుకుని చక్కగా చదువుకుంటున్న చెల్లెలినీ ఏ-స్కాన్ ముందు కూర్చోబెట్టాలి.