పన్నెండు ప్లగ్గుల బండి

ఖరీదైన కారు ముందు నిలబడితే మనవాళ్ళ చేతులు తెలియకుండానే వెనక్కి పోతాయి. అద్దం తుడవడానికే సంకోచం. ఇక బానెట్టు ఎత్తి లోపల చెయ్యి పెట్టడమంటే గర్భగుడిలోకి చెప్పులతో వెళ్ళినంత అపరాధం. మన తండ్రుల కాలంలో, ఏళ్ళ తరబడి వరసలో పేరు నమోదు చేసుకుని తెచ్చుకున్న స్కూటరు విషయంలో ఈ భయం ఏ కోశానా వుండేది కాదు. ఆదివారం ఉదయం ఏ వీధిలో చూసినా లుంగీ ఎగగట్టి స్కూటరు పక్కన గొంతుక్కూర్చున్న గృహస్థు ఒకరైనా కనిపించేవారు. పక్క డొప్ప ఊడదీయడం, ప్లగ్గు విప్పడం, ఎమరీ కాగితంతో రుద్దడం, నోటితో ఊదడం, మళ్ళీ బిగించి కిక్కు కొట్టడం. డిక్కీలో బండి కాగితాలు లేకపోయినా ప్లగ్గు పానా మాత్రం తప్పకుండా వుండేది. పెట్రోల్లో నూనె కలిపి పోసే ఆ టూ స్ట్రోకు బండికి ప్లగ్గు మసిబారడం, మనకు జలుబు చేసినంత మామూలు జబ్బు.

ఆ స్కూటరు ప్లగ్గుకూ బెంజి కారు ప్లగ్గుకూ జాతిభేదం ఏమీ లేదు. మధ్యలో సన్నని లోహపు కడ్డీ, దాని చుట్టూ తెల్లని పింగాణి తొడుగు, బయట మరలు కోసిన ఉక్కు ఒళ్ళు, అడుగున కొక్కెంలా వంగిన ఇంకొక కొస. కడ్డీకీ కొక్కేనికీ మధ్య సందు సుమారు ఒక మిల్లీమీటరు. బాటరీలో వుండేవి 12 వోల్టులే. వాటిని కాయిలు 20 వేలకో 30 వేలకో పెంచి పంపిస్తే, విద్యుత్తు ఆ సందును దూకుతుంది. దూకినప్పుడు పుట్టే రవ్వ పెట్రోలు ఆవిరిని అంటిస్తుంది, పిస్టను కిందికి నెట్టబడుతుంది, బండి కదులుతుంది. (తెలుగు పంతులును గనుక దీనికి ‘రవ్వబిరడా’ అని పేరు పెట్టి చూశాను. ఉప్మా గిన్నె మూత అనుకుంటారని ఇంట్లోవాళ్ళు కొట్టిపారేశారు. ప్లగ్గే వుండనిద్దాం.)

డీజిలు కారున్నవారికి ఈ గొడవ లేదు. అక్కడ గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. కరెంటు కార్లకు అసలే లేదు. పెట్రోలు బండివారే శ్రద్ధగా వినవలసింది.

ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. రెండు చుట్లకొక రవ్వ చొప్పున ప్రతి ప్లగ్గూ సెకనుకు 25 సార్లు వెలగాలి. గంటకు 50 కిలోమీటర్ల సగటున, నిమిషానికి 2,000 చుట్ల లెక్కన, లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి ఒక్కొక్క ప్లగ్గూ 12 కోట్ల రవ్వలు రాల్చి వుంటుంది. రవ్వ పుట్టిన ప్రతిసారీ కొస నుంచి కంటికి కనిపించనంత లోహం ఎగిరిపోతుంది. సందు పెరుగుతుంది. పెరిగిన సందును దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టులు కావాలి, కాయిలు మీద భారం పడుతుంది, చివరికి ఒక రవ్వ తప్పుతుంది. దాన్నే మన మెకానిక్కులు ‘మిస్సింగు కొడుతోంది’ అంటారు. ఈ అరుగుదల తగ్గించడానికే పెద్ద కార్ల ప్లగ్గుల కొసలకు ప్లాటినం, ఇరిడియం అంటిస్తారు. ప్లాటినం కరగాలంటే 1,768 డిగ్రీల వేడి కావాలి, ఇరిడియానికి 2,400 డిగ్రీలకు పైనే.

రవ్వ తప్పితే బండి కాస్త వణుకుతుంది, అంతేగదా అని వూరుకోవడానికి వీల్లేదు. కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడి కాటలిటిక్ కన్వర్టరులో అంటుకుంటుంది. పొగలోని విషాన్ని విరిచే ఆ పెట్టెలో వుండేవి కూడా ప్లాటినం వంటి లోహాలే. అది మాడిపోతే కొత్తదానికయ్యే ఖర్చు ముందు ప్లగ్గుల ఖర్చు చిల్లర డబ్బులు. మీటర్ల పక్కన ఇంజను బొమ్మ దీపం వుండి వుండి మిణుకుమంటున్నదంటే, ఆపమని బండి మొర పెట్టుకుంటున్నదన్నమాట.

ఖరీదైన కారును సొంత చేతులతో బాగు చేసుకోవడం మనం కొత్తగా కనిపెట్టిన సాహసమేమీ కాదు. ఆ పని మొదట చేసింది ఒక ఇల్లాలు. కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి 1886లో పేటెంటు పొందాడు. జనం దాన్ని వింతగా చూశారేగాని కొనడానికి ముందుకు రాలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, 15 ఏళ్ళ కొడుకునూ 13 ఏళ్ళ కొడుకునూ వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుంచి పుట్టినిల్లు ఫోర్జ్‌హైమ్‌కు బండి తోలుకుపోయింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపులో బట్టల మరకలు పోగొట్టే ద్రావకం కొని పోసింది. ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. రవ్వ పుట్టించే తీగ ఒరుసుకుపోయి కరెంటు కారిపోతుంటే, మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ విప్పి చుట్టింది. ప్రపంచంలో మొదటి దూర ప్రయాణంలోనే ఇగ్నిషను రిపేరు తప్పలేదు. ఆ తరవాత 1902లో స్టట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ కర్మాగారంలో గాట్లోబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు హెచ్చు వోల్టుల మాగ్నెటోకు ప్లగ్గు జతచేసి ఈ చిక్కును చాలా వరకు తీర్చాడు.

ఇక మా ఇంటి కథ. మా పెద్ద బావగారు విద్యుత్తు శాఖలో పనిచేసి రిటైరయ్యారు. గ్రాట్యుటీ డబ్బులో కొంత పెట్టి, 2004 నాటి బెంజి ఇ240 సెకండ్‌హాండులో కొన్నారు. చిన్ననాటి కోరిక. మా అక్కయ్య మాత్రం ఆ రోజునుంచీ దాన్ని ‘తెల్ల ఏనుగు’ అనే పిలుస్తున్నది, బండి రంగు నలుపే అయినా. నిరుడు వేసవిలో సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా బండి చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. ఒక వర్క్‌షాపువారు చూసి, కాయిళ్ళు, తీగలు, ఇంజెక్టర్లు అన్నీ కలిపి 92 వేలు రాసిచ్చారు. మిగతాది విప్పాక చెబుతామన్నారు. ఆ కాగితం చూసి అక్కయ్య, “అమ్మేసి రండి, ఎంతకొస్తే అంతకు” అంది. బావగారు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

వాళ్ళ అమ్మాయి, నా మేనకోడలు, మెకానికల్ డిప్లొమా చదువుతున్నది. అగ్గిపెట్టె అంత యంత్రం ఒకటి స్టీరింగు కింద గుచ్చి, సెల్‌ఫోనులో చూసి, “మావయ్యా, మూడో సిలిండరులో మిస్సింగు. పి0303 అని చూపిస్తోంది. ముందు ప్లగ్గులు విప్పి చూడకుండా కాయిళ్ళు మార్చడమేమిటి?” అంది. వాళ్ళ వీధి చివర, ముప్ఫై ఏళ్ళు షెడ్డు నడిపి చూపు మందగించి మానుకున్న మేస్త్రీగారొకరు వున్నారు. ఆయనను బతిమాలి తీసుకొచ్చి, వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. చెప్పడం ఆయన వంతు, చెయ్యడం పిల్ల వంతు, పనిముట్లు అందించడం నా వంతు. బావగారు గేటు దగ్గర నిలబడి పచార్లు చేశారు.

ఈ బండి పేరులో 240 వున్నా ఇంజను 2.6 లీటర్లది. ఆరు సిలిండర్లు, మూడు ఇటు, మూడు అటు, వి ఆకారంలో వాలి వుంటాయి. ఒక్కొక్కదానికి రెండేసి ప్లగ్గులు, వెరసి పన్నెండు. ఇదే కుటుంబంలోని ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు పదహారు. పక్కపక్కన రెండు చోట్ల అంటిస్తే మిశ్రమం త్వరగా, పూర్తిగా కాలుతుందని ఈ ఏర్పాటు. మన రోడ్ల మీద తిరిగే పల్సరు మోటారు సైకిలుకు 2003లో ‘ట్విన్ స్పార్కు’ అని వచ్చింది కూడా ఈ సూత్రమే.

మేస్త్రీగారి మొదటి ఆజ్ఞ, రాత్రంతా బండి ముట్టుకోకూడదు. హెడ్డు అల్యూమినియంది. వేడి మీద విప్పితే మెత్తని మరలు ప్లగ్గుతో పాటు ఊడివస్తాయి. పొద్దున్నే తాళం చెవి తీసి నా జేబులో వేయించారు. పై మూత, గాలి గొట్టాలు ఊడదీశాక, ప్లగ్గుల చుట్టూ పేరుకున్న దుమ్మును సైకిలు పంపుతో వూదించారు. ప్లగ్గు తీశాక ఆ గుంటలోంచి ఇసుక రేణువు సిలిండరులో పడితే దాని గీత ఇంజను బతికినంతకాలం వుంటుంది.

తీగల తొడుగులు ఒక పట్టాన రావు. తీగ పట్టుకు లాగితే తెగుతుంది. 17 నంబరు పానా నోటిని తొడుగు అంచు కింద దూర్చి సుతారంగా ఎత్తితే ‘టప్’మని వస్తుంది. ఒక ప్లగ్గు మార్చాక గాని రెండోదాని జోలికి పోకూడదు. అన్ని తీగలూ ఒక్కసారి పీకితే ఏది ఎక్కడిదో బ్రహ్మకు కూడా తెలియదు. 16 నంబరు ప్లగ్గు సాకెట్టును నిటారుగా దించాలి. వంకరగా పట్టి బలం చేస్తే లోపలి పింగాణి పగులుతుంది, పైకి తెలియదు.

పదకొండు వరకూ గంటన్నరలో అయ్యాయి. వెనక మూల, గోడకు ఆనుకుని వున్న పన్నెండోది ఒక్కటే ముప్పావుగంట తిన్నది. నా చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. మేనకోడలు గాజులు తీసి చెయ్యి దూర్చి, కన్ను చూడలేని చోట వేళ్ళతోనే వెతుక్కుంటూ విప్పింది. అది తిరగక మొరాయించినప్పుడు మేస్త్రీగారు ఒక్కటే మాట అన్నారు: “అమ్మా, మొండికేస్తే నువ్వు మొండికెయ్యకు. పావు చుట్టు విప్పు, మళ్ళీ కాస్త బిగించు, మళ్ళీ విప్పు.” అలాగే వచ్చింది.

కొత్తది ఎక్కించడంలో వుంది అసలు ఒడుపు. ఒక జానెడు రబ్బరు గొట్టంలో ప్లగ్గు తల గుచ్చి, గొట్టాన్ని వేళ్ళతో తిప్పుతూ దించారు. మర సరిగ్గా పడితే జారిపోతూ దిగుతుంది. మర తప్పితే గొట్టమే జారిపోతుంది, హెడ్డుకు హాని లేదు. పానాతోనే మొదలుపెట్టినవాడికి మర తప్పిన సంగతి తెలిసేసరికి హెడ్డు లేతు షెడ్డుకు వెళ్ళవలసివస్తుంది. వేళ్ళతో ఆగినంతవరకూ తిప్పి, ఆపైన కొత్త వాషరున్న ఈ 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు అరచుట్టు నుంచి మూడింట రెండువంతుల చుట్టు చాలు. టార్క్ రెంచి వుంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. ఇతర కార్ల లెక్క వేరుగా వుంటుంది గనుక ఎవరి బండి పుస్తకం వారు చూసుకోవాలి. మరలకు రాయమని అక్కయ్య కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. మేస్త్రీగారు వద్దన్నారు. నూనె తగిలితే రెంచి చూపే అంకె కంటే బిగువు ఎక్కువైపోతుందట. అలాగే, ప్లాటినం కొసను ఎమరీ కాగితంతో రుద్దకూడదు, సందు సరిచెయ్యాలని సుత్తితో కొట్టకూడదు. స్కూటరు నాటి విద్యలు ఇక్కడ చెల్లవు.

తీసిన ప్లగ్గులను కోడిగుడ్ల అట్ట ట్రేలో నంబర్ల వరసన పేర్చాం. వైద్యుడు నాలుక చూసినట్టు మేస్త్రీగారు ఒక్కొక్కదాన్నీ కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకు చూశారు. కొస లేత గోధుమరంగులోనో బూడిదరంగులోనో వుంటే సిలిండరు ఆరోగ్యం. పొడిమసి పట్టి నల్లగా వుంటే పెట్రోలు ఎక్కువ పడుతోందని. నూనె జిడ్డయితే రింగులో, వాల్వు సీళ్ళో అరిగాయని. తెల్లగా పొక్కులెక్కితే వేడి మితిమీరిందని. పదకొండింటి రంగు బాగానే వుంది, సందు మాత్రం ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా పెరిగింది. మూడో సిలిండరుది, ఆ మూల ప్లగ్గు, పింగాణి మీద వెంట్రుకలాంటి నల్లని గీత. రవ్వ సందులో దూకకుండా ఆ పగులు వెంట బయటికి పారిపోతున్నదన్నమాట. ఇంతకుముందెవరో సాకెట్టు వంకరగా పట్టారని మేస్త్రీగారి తీర్పు.

అన్ని కార్లకూ ఇది ఇంట్లో సాధ్యమని నేననను. కొన్ని వి6 ఇంజన్లలో వెనక వరస ప్లగ్గులు గాలి గొట్టాల పెద్ద మానిఫోల్డు కింద దాక్కుంటాయి. దాన్ని విప్పి, కొత్త గాస్కెట్లతో బిగించాలి. అది తెలిసినవారి పని. ప్లగ్గులు కొనేటప్పుడు కూడా నమ్మకమైన షాపులో, బండి పుస్తకంలోని నంబరు చెప్పి కొనాలి. పేరున్న డబ్బాలో నకిలీ సరుకు రావడం బజారులో కొత్త కాదు.

స్టార్టు చేసినప్పుడు బావగారు గేటు దగ్గరనుంచి కదల్లేదు. ఇంజను మీద మేనకోడలు గ్లాసుతో మంచినీళ్ళు పెట్టింది. నీళ్ళు కదల్లేదు. ఆయన వచ్చి ఆ నీళ్ళు తాగేశారు. సాయంత్రం గుంటూరు నుంచి అమరావతి దాకా వెళ్ళివచ్చాం, దీపం వెలగలేదు. అక్కయ్య వెనక సీటులో కూర్చుని, 92 వేలలో ప్లగ్గుల ఖర్చు పోగా మిగిలినది ఎక్కడ వుందని దారిపొడుగునా అడిగింది.

మేస్త్రీగారు కూలి పుచ్చుకోనన్నారు. పాత ప్లగ్గుల కొసల్లో ప్లాటినం వుందట కదా, ఆ ట్రే ఇచ్చేస్తే చాలన్నారు. ఆ ప్లాటినం సూదిమొనంత అని మాకెంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు. పన్నెండూ కట్టి ఇచ్చాం, పగిలినది ఒక్కటి తప్ప. దాన్ని కాలేజీలో చూపిస్తానని మేనకోడలు దాచుకుంది.