కుర్చీ దొరకని ఆఫీసు

మొన్న మంగళవారం మా అక్క బెంగళూరులో ఆఫీసుకెళ్ళి, సీటు దొరక్క క్యాంటీన్‌లో కూర్చుని పని చేసింది. అక్కడ ఎవరికీ సొంత బల్ల లేదు, యాప్‌లో బుక్ చేసుకోవాలి. దీన్ని హాట్ డెస్కింగ్ అంటారు. కొందరు ఇంట్లోనే ఉంటారు కదా, వందమందికి అరవై బల్లలు చాలన్నట్టు లెక్క. మరి ఎనభైమంది ఒకే రోజు వస్తే?

1994లో లాస్ ఏంజెలెస్‌లో షియాట్ డే అనే ప్రకటనల కంపెనీ కూడా ఇలాగే సొంత బల్లలు తీసేసింది. ల్యాప్‌టాప్, ఫోను రోజూ పొద్దున కౌంటర్లో తీసుకోవాలి. అవీ అందరికీ సరిపోలేదు! కాగితాలకి చోటు లేక కొందరు కారు డిక్కీనే బీరువా చేసుకున్నారట. 1998లో కొత్త ఆఫీసుకి మారాక మళ్ళీ ఎవరి చోటు వాళ్ళకి వచ్చింది.

ఏ టీమ్ ఏ రోజు వస్తుందో ముందు తేలాలి. బల్లలూ ల్యాప్‌టాప్‌లూ సగటుకి కాదు, రద్దీ రోజుకి లెక్కగట్టాలి. అక్కేమో ఇప్పుడు సోమవారం అర్ధరాత్రికి అలారం పెట్టుకుని సీటు బుక్ చేస్తోంది.