ఎడారి గడ్డి మన చేలో నిలుస్తుందా?

వానలు మొహం చాటేసిన ఏడాది అనంతపురం వైపు ఎవరిని కదిలించినా ఒకటే మాట, ‘ఇదింక ఎడారే’నని. ఆ మాట పట్టుకుని, రాజస్థాన్ ఎడారి గడ్డి తెచ్చి చల్లితే నీళ్లు లేకుండానే మేత వస్తుంది కదా అని మీకూ అనిపించవచ్చు. విత్తనానికి డబ్బు పెట్టేముందు ఆ గడ్డి సంగతి కాస్త వినండి.

దాని పేరు సేవన్. జైసల్మేర్, బికనేర్ ఇసుక నేలల్లో కుదుళ్లు కట్టి ఏళ్ల తరబడి బతికే గడ్డి. పేరుమోసిన థార్‌పార్కర్ ఆవులు మేసేది దీన్నే. మన రోళ్లపాడులో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పిట్టకు అక్కడ నెలవూ ఈ బీళ్లే. ఇప్పుడవి తరిగిపోతున్నాయి. 1958లో పనులు మొదలైన ఇందిరాగాంధీ కాలువ నీళ్లు చేరిన చోటల్లా దున్ని పైర్లు వేశారు. మిగిలిన చోట మందలు ఎక్కువై గడ్డి గింజ కట్టే లోపే మేసేస్తున్నాయి.

ఇలా తరిగిపోయే మొక్క ఇంకెక్కడ బతకగలదో శాస్త్రవేత్తలు ముందే లెక్కగడతారు. మొక్క ఇప్పుడున్న చోట్లు గుర్తించి, అక్కడి వాన, ఎండ, నేల, వాలు కంప్యూటర్‌కు ఇస్తారు. అవే గుణాలున్న ఇతర చోట్లకు అది పటం మీద రంగు వేస్తుంది. పెళ్లి సంబంధానికి జాతకాలు చూసినట్టే అనుకోండి. జాతకం కలిసినా ఇంటికెళ్లి చూడక తప్పదు కదా! పటంలో రంగున్న చోట ఇప్పటికే ఆవచేను ఉండవచ్చు.

అదే లెక్క మీ చేనుకూ వేయండి. సేవన్‌కు నచ్చేది 250 మి.మీ. లోపు వాన, లోతైన ఇసుక. ఉమ్మడి అనంతపురం సగటు వాన దాదాపు 550 మి.మీ. మన బాధ వాన తక్కువని ఒక్కటే కాదు, అదను తప్పి పడటం. పైగా చాలాచోట్ల జానెడు లోతునే రాయి తగిలే ఎర్రనేల. ఇసుకలో లోతుగా వేరు దింపే గడ్డికి ఇక్కడ దారేదీ?

ఎర్రనేలకు స్టైలో, అంజన్ గడ్డి మేలు. స్టైలో గింజ పైపొర గట్టిది, ఊరికే చల్లితే సరిగా మొలవదు. 80 డిగ్రీల వేడినీటిలో 4 నిమిషాలుంచి, రాత్రంతా చన్నీటిలో నానబెట్టి, తొలకరికి చల్లండి. ముందు అయిదు సెంట్లలో వేసి చూడండి. బాగా నిలిస్తే మరుసటేడు పెంచుకోవచ్చు.