కంప్యూటర్ లోపల నీళ్లెందుకు తిప్పుతారు?

“కీబోర్డు మీద చుక్క నీళ్లు పడితేనే అమ్మ కేకలేస్తుంది. మరి గేమింగ్ కంప్యూటర్లలో లోపలే గొట్టాలు పెట్టి నీళ్లు తిప్పుతారట! పాడైపోదా? అసలు నీళ్లెందుకు?” ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. పెద్దవాళ్లకూ వచ్చే అనుమానమే, కాకపోతే అడగడానికి మొహమాటపడతారు. నీళ్ల సంగతి తేలాలంటే ముందు వేడి ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కాసేపు గేమ్ ఆడితే అడుగుభాగం వెచ్చబడుతుంది, ఫ్యాను రొద పెడుతుంది. ఆ వేడిలో పెద్ద వాటా ప్రాసెసర్‌ది, గ్రాఫిక్స్ చిప్‌ది. ప్రాసెసర్‌లో ట్రాన్సిస్టర్లు (అతి చిన్న స్విచ్చులు) వందల కోట్లలో ఉంటాయి. ఒక్కో స్విచ్చు మారినప్పుడల్లా రవ్వంత విద్యుదావేశం నిండుతుంది, మళ్లీ ఖాళీ అవుతుంది. ఆ ఖర్చయిన శక్తి ఎక్కడికీ మాయమైపోదు, వేడిగా మారుతుంది. కంప్యూటర్ లెక్కలు కట్టినా, బొమ్మలు చూపించినా ప్రాసెసర్ తాగిన కరెంటు దాదాపు అంతా చివరికి వేడే.

ఎంత వేడి? 2023లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ9-14900కె చిప్‌నే తీసుకుందాం. పూర్తి బరువు మీద పడితే అది 253 వాట్ల దాకా లాగుతుంది. లోపలి సిలికాన్ ముక్క వైశాల్యం సుమారు రెండున్నర చదరపు సెంటీమీటర్లే. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 వాట్లు. మన ఇంట్లో వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఉంటుంది కదా, దాని అడుగు రమారమి 200 చదరపు సెంటీమీటర్లు, అంటే చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. బట్ట కాల్చగల ఇస్త్రీపెట్టె కన్నా 20 రెట్లు ఒత్తుగా వేడి పుట్టే చోటు అది. ఆ వేడిని ఎప్పటికప్పుడు లాగెయ్యకపోతే చిప్ తట్టుకోలేదు.

ఇది కంపెనీ పెట్టిన వేగంలోనే. కొందరికి అదీ చాలదు. ప్రాసెసర్‌లోని స్విచ్చులన్నీ ఒక క్లాక్ టిక్కుల ప్రకారం నడుస్తాయి. 5 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 500 కోట్ల టిక్కులు. ఒక టిక్కుకూ మరో టిక్కుకూ మధ్య కాంతి కూడా 6 సెంటీమీటర్లకు మించి పోలేదు! ఈ వేగం ఎలా వస్తుందంటే, మదర్‌బోర్డు ఇచ్చే 100 మెగాహెర్ట్జ్ మూల వేగాన్ని మల్టిప్లయర్ (హెచ్చింపు అంకె) అనే సంఖ్యతో గుణిస్తారు. 100 ఇంటూ 50 అయితే 5 గిగాహెర్ట్జ్. బయోస్ (కంప్యూటర్ మూల అమరికలు మార్చుకునే చోటు) లోకి వెళ్లి ఆ 50ని 52 చేస్తే 5.2. ఓవర్‌క్లాకింగ్ అంటే మొదటి మెట్టులో ఇంతే.

కంపెనీ రాసిన వేగాన్ని దాటి చిప్ ఎలా నడుస్తుంది? ఒకే సిలికాన్ పలకలోంచి కోసిన చిప్‌లన్నీ ఒకేలా ఉండవు. పరీక్షించి, వేగాల వారీగా వేరుచేసి, కొంత భద్రత మిగిల్చి అమ్ముతారు. ఒక్కోసారి మెరుగైన చిప్‌నే తక్కువ వేగం ముద్ర వేసి తక్కువ ధరకు ఇస్తారు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ ఇందుకు పేరుమోసింది. 66 మెగాహెర్ట్జ్‌ను నాలుగున్నరతో గుణిస్తే దాని వేగం 300. మదర్‌బోర్డులో ఆ 66ని 100 చేస్తే 450! చాలా చిప్‌లు ఆ వేగాన్ని నిక్షేపంగా తట్టుకున్నాయి. చవక చిప్‌తో ఖరీదైన చిప్ పని జరిగిపోవడంతో ఓవర్‌క్లాకింగ్ మోజు ఇళ్లలోకి బాగా పాకింది.

మరి అలా పెంచుకుంటూ పోవచ్చుగా? పోలేం. ఒక టిక్కులో బయల్దేరిన సంకేతం తర్వాతి టిక్కు లోపు గమ్యం చేరాలి. చేరకపోతే లెక్క తప్పుతుంది, తెర నీలంగా మారి కంప్యూటర్ ఆగిపోతుంది. స్విచ్చులు ఇంకా చురుగ్గా మారాలంటే వోల్టేజీ పెంచాలి. చిక్కంతా ఇక్కడే. స్విచ్చులు మారడం వల్ల పుట్టే వేడి, వేగంతో పాటు మామూలుగా పెరుగుతుంది కానీ, వోల్టేజీ విషయంలో దాని వర్గంతో పెరుగుతుంది. వేగం 5 నుంచి 5.5కి పెంచాం అనుకోండి, 10 శాతం లాభం. అందుకోసం వోల్టేజీ 1.2 నుంచి 1.35కి పెంచాల్సి వచ్చిందనుకుంటే, వేడి 39 శాతం దాకా పెరుగుతుంది. పైగా చిప్ వేడెక్కిన కొద్దీ మూసి ఉన్న స్విచ్చుల గుండా కూడా కరెంటు కారుతుంది, అది మళ్లీ వేడినే పుట్టిస్తుంది. నేను చెప్పిన ఐ9 చిప్ 100 డిగ్రీలు తాకితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. పెంచిన వేగం నిలబడాలంటే వేడిని తోడెయ్యాలి.

ఇప్పుడు నీళ్ల సంగతికి వద్దాం. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4,180 జౌళ్లు కావాలి. లీటరు గాలికి సుమారు 1.2 జౌళ్లు చాలు. అంటే అంతే చోటులో నీరు దాదాపు 3,500 రెట్లు వేడిని మోయగలదు. నిమిషానికి ఒక్క లీటరు నీళ్లు పారితే, 250 వాట్ల వేడిని మోసినా ఆ నీరు నాలుగు డిగ్రీలు కూడా వేడెక్కదు.

చిప్ మూత మీద థర్మల్ పేస్ట్ రాస్తారు, లోహాల మధ్య కంటికి కనిపించని సందుల్లో గాలి నిలవకుండా. దాని మీద రాగి పలక కూర్చుంటుంది. పలక లోపల సన్నటి కాలువలుంటాయి. పంపు తోసిన నీరు వాటిలో పారి, వేడిని పట్టుకుని, గొట్టం గుండా రేడియేటర్‌కు వెళ్తుంది. అక్కడ పల్చటి రేకుల మధ్య నుంచి ఫ్యాన్లు గాలి తోలతాయి, నీరు చల్లబడి వెనక్కి వస్తుంది. గమనించారా, ఆఖరి పని గాలిదే. నీరు చేసేది రవాణా. ఇరుకు చోటు నుంచి వేడిని మోసుకెళ్లి, మూడు ఫ్యాన్లు పట్టే విశాలమైన రేడియేటర్‌కు అప్పజెప్పడం. అన్నట్టు, మామూలు గాలి కూలర్‌లోని రాగి గొట్టాల్లోనూ సాధారణంగా కొద్దిగా నీరుంటుంది. అది ఒకవైపు ఆవిరై, మరోవైపు మళ్లీ నీరవుతూ వేడిని మోస్తుంది.

పాడైపోదా అన్న అనుమానంలో తప్పేం లేదు. శుద్ధమైన నీరు కరెంటును దాదాపు ప్రవహించనివ్వదు. కానీ తిరిగే కొద్దీ లోహాల నుంచి లవణాలు కలుస్తాయి, అప్పుడు కారితే షార్ట్ సర్క్యూటే. అందుకే చాలామంది కంపెనీలోనే సీలు చేసి వచ్చే కూలర్లు కొంటారు. గొట్టాలు సొంతంగా బిగించుకునేవాళ్లు డిస్టిల్డ్ నీటిలో తుప్పు, నాచు పట్టకుండా మందు కలుపుతారు. రాగినీ అల్యూమినియాన్నీ ఒకే నీటిలో కలపరు, అల్యూమినియం హరించుకుపోతుంది. బిగించాక మదర్‌బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే ఆడించి, ప్రతి అతుకు కింద టిష్యూ కాగితం పరిచి గంటల తరబడి చూస్తారు. కాగితం ఎక్కడా తడవకపోతేనే స్విచ్ వేస్తారు.

ఇంత చేసినా, ఈ నీరు గదిలోని గాలి కన్నా చల్లబడదు. మే నెలలో విజయవాడలో గది 40 డిగ్రీలుంటే నీరు అంతకు పైనే ఉంటుంది. ఏసీ గదిలో పెడితే, కంప్యూటర్ వదిలే వేడిని బయటికి పంపే పని ఏసీ మీద పడుతుంది. పోనీ ఐస్ నీళ్లు తిప్పితే? చల్లటి గొట్టాల మీద గాలిలోని తేమ చెమర్చి బోర్డు మీద కారుతుంది. రికార్డుల కోసం మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోసేవాళ్లున్నారు. అది కాసేపటి ప్రదర్శన, రోజూ వాడుకునేది కాదు.

ఇంట్లో కంప్యూటర్ కూర్చుకునే వారికి ఈ ఖర్చు అవసరమా? నా మటుకు, చాలామందికి అక్కర్లేదు. ఇప్పటి చిప్‌లను కంపెనీలే అంచుల దాకా తోసి అమ్ముతున్నాయి, ఐ9-14900కె తనంతట తానే 6 గిగాహెర్ట్జ్ అందుకుంటుంది. చేత్తో పెంచితే దక్కేది కొద్ది శాతమే. వోల్టేజీ మితిమీరితే ఏమవుతుందో 2024లో చూశాం. ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లు కొన్ని దెబ్బతినడానికి అది కారణమని కంపెనీయే చెప్పి, సవరణలు విడుదల చేసి, వారంటీ రెండేళ్లు పొడిగించింది. మంచి గాలి కూలర్ కొనండి, క్యాబినెట్‌ను గోడకు ఆనించకుండా పెట్టండి, ఫ్యాన్లకు పట్టిన దుమ్ము దులుపుతూ ఉండండి. బయోస్‌లో చెయ్యి పెట్టాలనే సరదా ఉంటే వోల్టేజీని కొద్దికొద్దిగా తగ్గించి చూడండి: 5 శాతం తగ్గించినా చిప్ సరిగ్గా నడుస్తుంటే, వేడి సుమారు 10 శాతం తగ్గుతుంది.